మా టేబుల్‌కి యూర్మల్ భక్తుడు వస్తానంటున్నాడు, రానివ్వాలా?

నిద్రలేని_జీఎం
శుక్రవారం రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ రూన్‌క్వెస్ట్ (టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేసి కథ నడిపే ఆట) ఆడేవాళ్ళు తక్కువని తెలుసు. కానీ ఈ తగాదా ఏ ఆటలోనైనా వచ్చేదే కాబట్టి అందరూ ఒక మాట చెప్పండి.

మా కథ గ్లోరాంతాలో, అంటే ఈ ఆట జరిగే కల్పితలోకంలో, సార్టార్ కొండల్లో నడుస్తోంది. కథాకాలం అక్కడి లెక్కలో 1625, డ్రాగన్‌రైజ్ అనే పెద్ద ఘటన అయిపోయాక. ఒక చిన్న తెగ, వాళ్ళ ఆవులు, పక్క తెగతో పాత పగలు. జీఎం, అంటే కథ నడిపే మనిషిని, నేను. నలుగురు ఆడుతున్నారు, ఒక్కొక్కరిదీ ఒక్కో దేవుడి భక్తుడి పాత్ర: హుమక్త్ కత్తివీరుడు, ఎర్నాల్డా పూజారిణి, ఇస్సరీస్ వ్యాపారి, లంకోర్ మి పండితుడు. బండి సాఫీగా నడుస్తోంది. ఇప్పుడు ఐదో మనిషి వస్తానన్నాడు, సంతోషమే. ఏం ఆడతావని అడిగితే "యూర్మల్ భక్తుణ్ణి" అన్నాడు. యూర్మల్ అంటే అక్కడి మోసగాడి దేవుడు.

వెంటనే హుమక్త్ ఆడే అతను "వాడు లోపలికొస్తే నేను బయటికి" అన్నాడు. ఆ మాట అన్నది క్యారెక్టరా, మనిషా ఇంకా తేలలేదు.

కొత్తతను మంచివాడే. కాకపోతే ఇంతకుముందు వేరే టేబుల్‌లో దొంగ క్యారెక్టర్ ఆడి, తోటి ఆటగాళ్ళ సంచులే ఖాళీ చేశాడని పేరుంది. నాకు టెన్షన్‌గా ఉంది. మోసగాడి దేవుణ్ణి కొలిచేవాడిని గ్రూపులో పెట్టుకుని ఆట నడిపినవాళ్ళు ఉన్నారా? ఎలా నెట్టుకొచ్చారు?


డీ20_దుర్గారావు
శుక్రవారం రాత్రి 11:55

వద్దు.


డీ20_దుర్గారావు
శనివారం 12:03

సరే, కొంచెం వివరంగా చెప్తా. డ్రాగన్‌లాన్స్ అనే ఇంకో ఆటలోకంలో కెండర్ అనే జాతి ఉంది. వాళ్ళకి "నీది, నాది" అన్న తేడా తెలియదు, చేతికి దొరికింది జేబులో వేసుకుంటారు. కాగితం మీద చదివితే ముద్దొస్తుంది. టేబుల్ మీద మాత్రం ప్రతి కెండరూ పక్కవాడి మాయకత్తి కొట్టేసి "మా జాతే అంత" అంటాడు. 1984 నుంచీ ప్రపంచమంతా ఇదే ఏడుపు. నీ యూర్మల్ వాడు కూడా "మా దేవుడే అంత" అంటాడు చూడు. జాతి బదులు దేవుడు వచ్చాడు, అంతే తేడా.


సత్యభామ_డీఎం
శనివారం ఉదయం 7:20

దుర్గారావు గారూ, మీకు తగిలిన దెబ్బలు మాకూ తగిలాయి. కానీ ఆటగాడి బుద్ధి వేరు, దేవుడి స్వభావం వేరు. రెండూ కలిపేయకండి.

డీఎన్‌డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) 5వ ఎడిషన్‌లో, 2014 పుస్తకంలో, క్లెరిక్‌కి, అంటే పూజారి పాత్రకి, ట్రికరీ (మోసం) డొమైన్ ఉంది కదా. ఆ డొమైన్ తీసుకోగానే వచ్చే వరం ఏంటో ఎప్పుడైనా నింపాదిగా చదివారా? చప్పుడు కాకుండా నడిచే వరం. దాన్ని తన మీద తాను వేసుకోవడానికి లేదు! వేరేవాళ్ళని ముట్టుకుని వాళ్ళకే ఇవ్వాలి. మా టేబుల్‌లో మా క్లెరిక్ దాన్ని ఎప్పుడూ పాలడిన్‌కే, అంటే ధర్మవీరుడి పాత్రకే, ఇచ్చేది. ఒంటినిండా ఇనుప కవచం, కదిలితే వంటింట్లో గిన్నెలు పడ్డట్టు చప్పుడు. కవచం వల్ల వచ్చే నష్టాన్ని ఆ వరం కొట్టేసేది. అలా ఆ పాలడిన్‌ని గోబ్లిన్ల కాపలా దాటించి తీసుకెళ్ళింది. మోసగాళ్ళ దేవుడి పూజారిణి చేసిన పని అదీ, తోటివాళ్ళకి సాయం.

గ్రేహాక్ అనే డీఎన్‌డీ లోకంలో ఒలిడమ్మరా అనే దేవుడున్నాడు. నవ్వే దొంగ అంటారు ఆయన్ని. తాగుడు, పాటలు, దొంగతనం, అన్నీ ఉన్నాయి. జాగిగ్ అనే పిచ్చి మాంత్రికుడు ఒకసారి ఆయన్ని పట్టి, వీపు మీద డిప్ప ఉన్న చిన్న జంతువుగా మార్చి బంధించాడు. బయటపడ్డాక కూడా దెబ్బల నుంచి తనని కాచుకోవడానికి ఆ డిప్పని వాడుకుంటాడట. తన అవమానాన్నే ఆయుధం చేసుకున్న దేవుడాయన. ఆయన భక్తుడు స్నేహితుల జేబు కొట్టాలని రాసి లేదు. పాటలతో, నవ్వుతో సంతోషంగా బతకమని మాత్రం ఉంది.

నా ఓటు: రానివ్వండి.


రూన్_రంగయ్య
శనివారం ఉదయం 10:41

సత్యభామ గారు చెప్పింది డీఎన్‌డీకి సరిపోతుంది. గ్లోరాంతా సంగతి వేరు, కొంచెం ఓపికగా చదవండి.

ఈ లోకం గురించి గ్రెగ్ స్టాఫోర్డ్ రాయడం మొదలుపెట్టింది 1966లో. అప్పటికి డీఎన్‌డీయే లేదు. రూన్‌క్వెస్ట్ వచ్చింది 1978లో. అంటే ముందు పురాణం పుట్టింది, ఆట తరవాత వచ్చి చేరింది. అందుకే ఇక్కడ దేవుడంటే క్యారెక్టర్ షీట్‌లో నింపే ఒక గడి కాదు. నువ్వు ఏ దేవుణ్ణి కొలుస్తావో ఆ దేవుడు చేసిన పనులే నువ్వూ చేస్తావు. ఆయన పుణ్యంతో పాటు పాపం కూడా నీ నెత్తికి చుట్టుకుంటుంది.

యూర్మల్‌ని జోకర్ అనుకుంటే అక్కడే మోసపోతాం. లోకంలోకి చావు రావడంలో వాడి చెయ్యి ఉంది. దేవతల కాలంలో ఎవరూ చచ్చేవారు కాదు. పాతాళంలో పడున్న చావుని యూర్మల్ కెలికి పైకి తెచ్చాడు. మొదట బలైంది గ్రాండ్‌ఫాదర్ మోర్టల్, మనుషులందరికీ మూలపురుషుడు. దెబ్బ కొట్టింది ఎవరి చెయ్యి అన్నది కథ చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. చావు కత్తి మాత్రం చివరికి హుమక్త్ దగ్గరికి చేరింది.

ఇక ఓర్లాంత్, అంటే గాలివాన దేవుడికీ, సూర్యచక్రవర్తి యెల్మ్‌కీ పంతం. పోటీ మీద పోటీ పెట్టుకున్నారు, ఓర్లాంత్ ఓడుతూ వచ్చాడు. ఆయుధాల పోటీ వచ్చేసరికి చావుని తీసుకొచ్చి యెల్మ్ మీద ప్రయోగించాడు. సూర్యుడు పోయాడు. చీకటి, చలి, ఆకలి, వాటి వెనకే లోకాన్ని నాశనం చేసే కేయాస్. లోకం ముక్కలైపోయింది. తన కత్తిని ఇలా వాడుకున్నందుకు హుమక్త్ అన్నదమ్ముల బంధమే తెంచుకుని వెళ్ళిపోయాడు. కాబట్టి జీఎం గారూ, మీ హుమక్త్ ఆటగాడు "వాడొస్తే నేను పోతా" అన్నాడంటే, తెలిసన్నా తెలియకన్నా పురాణమే పలికాడు.

అసలు విషయానికొస్తా. చేసిన తప్పు దిద్దుకోవడానికి ఓర్లాంత్ పాతాళానికి బయల్దేరతాడు. అదే లైట్‌బ్రింగర్స్ క్వెస్ట్. వెంట ఎవరెవరు? వ్యాపారానికీ మాటకీ ఇస్సరీస్, చదువుకి లంకోర్ మి, వైద్యానికి చలానా అరోయ్, మామూలు మనిషి తరఫున ఫ్లెష్ మ్యాన్, ఎవరో అంతుపట్టని గిన్నా జార్. వాళ్ళతో పాటు యూర్మల్. ఓర్లాంత్‌తో కలిపి ఏడుగురు. లోకాన్ని చెడగొట్టడంలో చెయ్యి ఉన్నవాడే బాగుచేసే జట్టులోనూ ఉన్నాడు. సూర్యుణ్ణి తిరిగి తెచ్చాకే కాలం అనేది మొదలైంది.

ఓర్లాంత్‌ని కొలిచే ఓర్లాంతీ తెగలు ఈ ప్రయాణాన్ని హీరోక్వెస్ట్‌గా, అంటే పురాణాన్ని తామే బతికే యాత్రగా, మళ్ళీ నడవాలంటే యూర్మల్ వేషం వేసేవాడు ఒకడు కావాలి. అందుకే వాళ్ళు యూర్మల్ భక్తుల్ని పూర్తిగా తరిమెయ్యలేరు. ఊరికే తిరగనివ్వనూ లేరు.

మరి ఏం చేస్తారు? యూర్మల్ భక్తుడు చట్టం బయట ఉన్నవాడితో సమానం. ఎవరైనా కొట్టొచ్చు, అడిగే నాథుడుండడు. తెగ పెద్ద ఎవరైనా "వీడు నావాడు" అని కట్టుబాటు చేసుకుంటేనే వాడికి రక్షణ. దాన్నే బంధం అంటారు. అది చేసుకున్న రోజు నుంచీ వాడు చేసే ప్రతి వెధవపనికీ ఆ పెద్దే జవాబుదారీ. పక్క తెగ ఆవు పోతే పరిహారం కట్టాల్సింది పెద్దే.

నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. "రానివ్వాలా" అని కాదు, "వాడి పూచీ ఎవరిది" అని అడుగు.


కొత్త_పాచిక
శనివారం మధ్యాహ్నం 1:15

నేను ఈమధ్యే ఆడటం మొదలుపెట్టా, తప్పుగా అడిగితే క్షమించండి. యూర్మల్ అంటే మన నారదుడి టైపా? లేక తెనాలి రామకృష్ణుడి టైపా?


గోదారి_గేమర్
శనివారం మధ్యాహ్నం 2:02

తమ్ముడూ, మంచి ప్రశ్న. నారదుడు కాదు. నారదుడు కలహభోజనుడే, కానీ ఆయన పెట్టే ప్రతి తగువు వెనకా ఒక లెక్క ఉంటుంది. చివరికి రాక్షసుడు చస్తాడు, లోకకల్యాణం అంటారు. ఎవరూ ఆయన్ని చట్టం బయట పెట్టలేదు. ఏ లోకానికైనా వెళ్తాడు, వెళ్ళినచోటల్లా అర్ఘ్యపాద్యాలు. యూర్మల్‌కి అలాంటి లెక్కా లేదు, ఆ మర్యాదా లేదు.

రామకృష్ణుడు కొంచెం దగ్గర. పెద్దపులి లాంటి రాజు పక్కన కూర్చుని రాజునే ఆటపట్టిస్తాడు. రాయలు నవ్వినన్నాళ్ళే తల ఉంటుంది. ఆ ఏనుగు కథ గుర్తుందా? రాజుగారికి కోపం వచ్చి మెడదాకా పాతిపెట్టించి ఏనుగుతో తొక్కించమంటాడు. అటుగా ఒక గూనివాడు వస్తాడు. "ఇలా పాతిపెట్టించుకుంటే గూని పోతుంది, నాది పోయింది చూడు" అని వాణ్ణి నమ్మించి, బయటికొచ్చి, వాణ్ణి గొయ్యిలో నిలబెట్టి ఇంటికెళ్ళిపోతాడు. చిన్నప్పుడు ఎంత నవ్వామో. ఏనుగు వచ్చాక ఆ గూనివాడి సంగతేంటని మాత్రం ఎవరూ అడగలేదు.

యూర్మల్ కథలు చదివితే మొదట అడగాలనిపించేది ఆ గూనివాడి గురించే.


డీ20_దుర్గారావు
శనివారం మధ్యాహ్నం 2:10

అబ్బా. బాగా చెప్పావు గురూ.

కానీ నేనంటున్నదీ అదే కదా. నా టేబుల్‌లో నేనెందుకు గూనివాణ్ణి అవ్వాలి? సాయంత్రం నాలుగు గంటలు ఖర్చుపెట్టి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి కూర్చుంటే, నా క్యారెక్టర్ ఇంకొకడి జోకుకి ముడిసరుకు అవ్వాలా?


విజిల్_విజయ్
శనివారం సాయంత్రం 4:30

షియోగొరాత్ గురించి ఎవరూ మాట్లాడరేంటి?? ఎల్డర్ స్క్రోల్స్ కంప్యూటర్ గేముల్లో పిచ్చికి రాజు ఆయనే. వాటిలో ఆబ్లివియన్ అనే గేమ్‌లో ఆయన గుడి దగ్గరికి వెళ్తే నైవేద్యం ఏం అడుగుతారో తెలుసా? లెట్యూస్ ఆకు, నూలుండ, ఒక చిన్న సోల్ జెమ్ (ఆత్మల్ని బంధించే రాయి). అది సమర్పిస్తే బోర్డర్ వాచ్ అనే పల్లెకి పంపిస్తాడు. అక్కడివాళ్ళకి ఒక జోస్యం ఉంది: ఊరిమీద ఎలకలు పడతాయి, పశువులు చస్తాయి, ఆ తరవాత అరిష్టం అని. దాన్ని నువ్వు దగ్గరుండి నిజం చెయ్యాలి. ఘాటైన జున్ను వండి ఎలకల్ని పిలుస్తావు, ఎలకలమందు గొర్రెలకి పెడతావు. మూడోది దేవుడే స్వయంగా చూసుకుంటాడు: ఆకాశం నుంచి మండుతున్న కుక్కలు కురుస్తాయి. ఆ ఊరివాళ్ళు గుండెలు బాదుకుంటుంటే మనకి బహుమతిగా వాబాజాక్ ఇస్తాడు, ఎవరిమీద వేస్తే వాళ్ళు ఏదైపోతారో తెలియని కర్ర. మోసగాడి దేవుడంటే అదీ లెవెల్.


సత్యభామ_డీఎం
శనివారం సాయంత్రం 4:52

విజయ్, సరదాగా ఉంది, కాదనను. కానీ గమనించు. అక్కడ ఊరివాళ్ళంతా కంప్యూటర్ బొమ్మలు. వాళ్ళెవరూ రేపు నీకు ఫోన్ చేసి "నా గొర్రెల్ని ఎందుకు చంపావు" అని అడగరు. ఒంటరిగా ఆడే ఆటలో పిచ్చిదేవుడు బంగారం. పదిమంది కూర్చునే చోట ఆ గొర్రెలు ఎవరివో ఒకరివి అవుతాయి.


విజిల్_విజయ్
శనివారం సాయంత్రం 4:55

పాయింటే. కానీ కుక్కలు మాత్రం సూపర్.


మోడరేటర్_మందాకిని
శనివారం సాయంత్రం 5:10

ఎల్డర్ స్క్రోల్స్‌కి వేరే విభాగం ఉంది విజయ్ గారూ, అక్కడ ఎన్ని కుక్కలైనా కురిపించుకోండి. ఇక్కడ జీఎం గారి ప్రశ్న మీద ఉందాం.


తెగపెద్ద_తాతయ్య
శనివారం రాత్రి 8:18

నేను టేబుల్ దగ్గర ఎప్పుడూ ఆడలేదు. కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ మాత్రం, 1999లో వచ్చిన కంప్యూటర్ గేమ్, ఇప్పటికీ ఫోన్‌లో ఆడుతుంటాను. అదీ గ్లోరాంతాయే, అవే ఓర్లాంతీ తెగలు. అందులో తెగ సభలో ఏడు కుర్చీలుంటాయి. ఒక్కొక్కరూ ఒక్కో దేవుడి భక్తులు, ఏ సమస్య వచ్చినా తలా ఒక సలహా ఇస్తారు. యూర్మల్ భక్తుణ్ణి కూడా కూర్చోబెట్టొచ్చు.

వాడి సలహాలు చాలావరకూ చెత్త. పక్క తెగ దూత వచ్చి గంభీరంగా మాట్లాడుతుంటే వీడు ఏదో తిక్క మాట అంటాడు. పొలం పనులకీ, యుద్ధానికీ నికరంగా పనికొచ్చే మనిషి ఆ కుర్చీలో ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది. కానీ కొన్ని ఘట్టాల్లో, మిగతా దారులన్నీ మూసుకుపోయినప్పుడు, వీడు సభలో ఉంటేనే కనిపించే దారి ఒకటి తెరుచుకుంటుంది. దాన్ని పట్టుకుంటే ఒక్కోసారి తెగ బతికిపోతుంది, ఒక్కోసారి నిండా మునుగుతుంది.

ఆ ఖాళీ కుర్చీలో ఎవర్ని పెట్టాలా అని ఆలోచించిన ప్రతిసారీ నాకు అర్థమయ్యేది ఇదే: వీడు ఊరికే రాడు, ఒక మంచి మనిషి స్థానం తింటాడు. ఆ ధర కట్టాలా వద్దా అన్నది పెద్ద తేల్చుకోవాల్సిన విషయం. రంగయ్య గారు చెప్పిన పూచీ ఆ గేమ్‌లో ఇలా కనపడుతుంది.


అల్లరి_అనసూయ
శనివారం రాత్రి 9:37

ఇంతమంది మాట్లాడారు, యూర్మల్ భక్తురాలిని ఆడినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను.

ముందు హుమక్త్ గొడవ తేలుద్దాం. రూన్‌క్వెస్ట్‌లో రూన్ అంటే ఒక మూలశక్తికి గుర్తు. సత్యం రూన్, మాయ రూన్ జంట. ఒక్కో క్యారెక్టర్‌లో రెండూ కలిపి నూరు శాతం. ఒకటి ఎనభైకి పెరిగితే రెండోది ఇరవైకి దిగాల్సిందే. హుమక్త్‌వి చావు, సత్యం. యూర్మల్‌వి మాయ, గందరగోళం. అంటే మీ కత్తివీరుడు ఎంత నికార్సుగా ఉంటే అంత నా వైపు ఖాళీ. ఒకే త్రాసుకి రెండు పళ్ళాలు. కాబట్టి వాళ్ళ గొడవ ఆటకి అడ్డం కాదు, ఆటే అది. మా టేబుల్‌లో హుమక్త్ భక్తుడూ నేనూ కొట్టుకున్న సెషన్లే అందరికీ ఇప్పటికీ గుర్తు.

ఇక ఎలా ఆడాలో ఒక ముక్క చెప్తాను. పక్క తెగవాళ్ళు విందుకొచ్చారు. గిత్త గురించి తగువు: మాదని మేము, మాదని వాళ్ళు. మా పెద్ద, అదీ ఒక ఆటగాడే, నా వైపు చూసి ఊరుకో అన్నట్టు చెయ్యి చూపించాడు. నేను "లై" మంత్రం వేసి, ఆ గిత్త పోయిన శీతాకాలంలోనే చచ్చిపోయిందని, ఇప్పుడున్నది దాని దెయ్యమని వాళ్ళ ముసలాయనకి చెప్పాను. ఆ మంత్రంతో చెబితే ఎంత పచ్చి అబద్ధమైనా నమ్మేస్తారు. ఆయన లేచి దూరంగా జరిగి, తన పళ్ళెంలోది తీసి గిత్తకి బలిగా పెట్టడం మొదలుపెట్టాడు. హాలంతా నవ్వు. గిత్త మాకే మిగిలింది.

ఆ తరవాత? మంత్రం దిగాక ఆయనకి జరిగింది అర్థమైంది. నవ్వినవాళ్ళ ముఖాలన్నీ గుర్తున్నాయి ఆయనకి. వర్షాకాలానికల్లా మా గొర్రెలకాపరి ఒకడు శవమై దొరికాడు. రక్తపరిహారం అడగడానికి మా పెద్ద వాళ్ళ దగ్గరికి వెళ్తే, "ముందు మా అవమానానికి ధర కట్టు" అన్నారు. కట్టాడు. గిత్త ఖరీదు కన్నా ఎక్కువ ఆవులు తోలి ఇచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ సెషన్‌లో నాకు నోట మాట రాలేదు, క్యారెక్టర్‌కీ రాలేదు.

నేను పాటించిన పద్ధతి ఒక్కటే. తోటి ఆటగాడి వస్తువు మీదకి, ఒంటి మీదకి పోవాలనిపిస్తే, ముందే ఆట ఆపి మనిషిని అడగడం: "నీ క్యారెక్టర్‌కి ఇలా చేద్దామనుకుంటున్నా, నీకు సరదాగా ఉంటుందా?" అని. వద్దంటే వద్దు. క్యారెక్టర్ మోసపోవచ్చు, మనిషి మోసపోకూడదు.


నిద్రలేని_జీఎం
శనివారం రాత్రి 10:05

అనసూయ గారూ, గిత్త కథకి దణ్ణం. ఇది మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

రంగయ్య గారి మాట ప్రకారం ఆలోచిస్తే పూచీ మా ఎర్నాల్డా పూజారిణికి అప్పగించొచ్చేమో. తెగలో ఆమె మాటకి విలువుంది, ఆటలో కూడా ఓపికగా అందర్నీ కలుపుకుపోతుంది.


సత్యభామ_డీఎం
శనివారం రాత్రి 10:11

ఆగండాగండి. ఆ పూజారిణిని ఆడుతున్నది అమ్మాయా?


నిద్రలేని_జీఎం
శనివారం రాత్రి 10:13

అవునండి.


సత్యభామ_డీఎం
శనివారం రాత్రి 10:26

అనుకున్నా. ఎన్ని టేబుళ్ళలో చూశానో ఇది. అల్లరి చేసేవాడొకడు వస్తాడు. వాణ్ణి అదుపులో పెట్టే పని గ్రూపులో ఉన్న ఒక్క అమ్మాయి నెత్తిన పడుతుంది, "ఆమెకి ఓపిక ఎక్కువ" అని సర్టిఫికెట్ ఇచ్చి మరీ. ఆమె వచ్చింది పూజారిణి ఆడటానికి, పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి కాదు. ఆమెని అడిగారా? అడిగితే మొహమాటానికి సరే అంటుంది, అది కూడా లెక్కలోకి రాదు.


డీ20_దుర్గారావు
శనివారం రాత్రి 10:31

నూటికి నూరుపాళ్ళు. ఇంకో మాట. కథలో పూచీ పెద్దది అంటున్నారు బాగానే ఉంది, ఆవులు కడతాడు, కాగితం మీద నంబరు తగ్గుతుంది. టేబుల్ దగ్గర పాడైన సాయంత్రానికి పరిహారం ఎవడు కడతాడు? దానికి మీ పురాణంలో జవాబు లేదు.


రూన్_రంగయ్య
శనివారం రాత్రి 11:20

సత్యభామ గారు చెప్పింది నిజం. పైగా కథాపరంగా కూడా అది నప్పదు. బంధం కట్టే పని సాధారణంగా రాజుదో, తెగ పెద్దదో. ఓర్లాంత్ యూర్మల్‌ని వెంట తీసుకెళ్ళినట్టు ఓర్లాంత్ మనిషే చెయ్యాలి. మీ జట్టులో ఓర్లాంత్ భక్తుడే లేడు కాబట్టి తెగ పెద్దని మీరే, అంటే జీఎం, ఆడతారు. బాధ్యత మీ మీదే వేసుకోండి.

దుర్గారావు, నీ ప్రశ్నకి పురాణంలో జవాబు లేదన్నావు. సగం ఉంది. బంధం అంటే రక్షణ ఒక్కటే కాదు, దానికి తెగ్గొట్టే హక్కు కూడా ఉంది. పెద్ద విసిగిపోయి "ఇక వీడు నావాడు కాదు" అన్న క్షణం నుంచీ యూర్మల్ భక్తుడు మళ్ళీ చట్టం బయటే. అదే మాట టేబుల్‌కీ పెట్టండి. మొదటి రోజే అందరి ముందూ: ఈ క్యారెక్టర్ ఎవరికైనా నిజంగా ఇబ్బంది అయితే, కారణం చెప్పనక్కర్లేదు, ఒక్క మాటతో బంధం తెగుతుంది, క్యారెక్టర్ వెళ్ళిపోతుంది, అతను కొత్తది చేసుకుంటాడు. దానికి కొత్తతను ఒప్పుకుంటేనే లోపలికి. ఒప్పుకోకపోతే అతనికి కావలసింది యూర్మల్ కాదు, లైసెన్సు.


డీ20_దుర్గారావు
శనివారం రాత్రి 11:34

హ్మ్. ఇది వినడానికి బాగుంది. "మా దేవుడే అంత" అన్నవాడికి "మా తెగ కూడా ఇంతే" అని చెప్పొచ్చు. నా ఓటు ఇంకా వద్దనే, కానీ గట్టిగా కాదు.


కొత్త_పాచిక
ఆదివారం ఉదయం 8:45

ఇంకో సందేహం. ఇలాంటి దేవుడికి గుడి ఉంటుందా? పూజ ఎలా చేస్తారు? పెద్ద పూజారి ఉంటాడా?


రూన్_రంగయ్య
ఆదివారం ఉదయం 9:30

పెద్ద గుళ్ళు ఉండవు తమ్ముడూ. పదిమంది యూర్మల్ భక్తులు ఒకచోట చేరి ఒక నియమం మీద నిలబడితే వాళ్ళు యూర్మల్ భక్తులే కాదు. ఎక్కడెక్కడో చిన్న చిన్న పీఠాలుంటాయి, ఒక్కోటి ఆయన చేసిన ఒక్కో పనిది. ఒకచోట దొంగ, ఒకచోట తిండిపోతు, ఒకచోట రూపాలు మార్చేవాడు, ఒకచోట హంతకుడు. ఏ పీఠానికి వెళ్తే ఆ విద్య దొరుకుతుంది. ఒంటి నుంచి ఒక అవయవాన్ని ఊడదీసి పక్కన పెట్టే మంత్రం కూడా ఉంది. నిజంగానే. గుంపు మొత్తాన్ని నవ్వుల్లో పడేసేది ఉంది, మింగేసేది ఉంది.

ఇక్కడే జీఎం చేతిలో ఒక మంచి తాళంచెవి ఉంది. కొత్తతను మొదట ఏ పీఠం నుంచి వస్తున్నాడో అడుగు. "హంతకుడు" అన్నాడనుకో, అతని మనసులో ఏముందో అప్పుడే తెలుస్తుంది.


అల్లరి_అనసూయ
ఆదివారం ఉదయం 9:41

నేను తిండిపోతుతో మొదలుపెట్టాను. ఎవరికీ గాయం కాదు, కానీ విందులో నా పక్కన ఎవరూ కూర్చోరు :)


నిద్రలేని_జీఎం
ఆదివారం రాత్రి 10:52

అప్‌డేట్. ఇవాళ అందరం కలిశాం, ఆట ఆడలేదు, బిర్యానీ తెప్పించుకుని మాట్లాడుకున్నాం.

రంగయ్య గారి షరతు ముందు పెట్టాను. కొత్తతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరే అన్నాడు. పాత టేబుల్ సంగతి నేను అడగలేదు, తనే ఎత్తాడు: అక్కడ జీఎంతో సహా అందరూ ఒకరి జేబు ఒకరు కొట్టుకునేవారట, ఇతని పేరు మాత్రమే బయటికొచ్చిందట. నిజమో కాదో దేవుడికి తెలియాలి, అదీ ఏ దేవుడికో.

తెగ పెద్ద పాత్ర నాదే. పూజారిణి ఆడే అమ్మాయికి సత్యభామ గారి పోస్టు చూపించాను. పెద్దగా నవ్వి "థ్యాంక్స్ చెప్పండి, నేను అడగలేకపోయేదాన్ని" అంది. తన క్యారెక్టర్‌కి అతనంటే జాలి కూడా ఉండదని, పెద్ద ఆవులు తోలిన ప్రతిసారీ సభలో గట్టిగా తిడుతుందని ముందే చెప్పేసింది.

హుమక్త్ ఆడేవాడే అందరినీ ఆశ్చర్యపరిచాడు. బయటికి పోతానన్నది క్యారెక్టరేనట, మనిషి కాదట. ఇవాళ అతనే ఒక ప్రతిపాదన తెచ్చాడు. బంధం కట్టే సభలో అతని కత్తివీరుడు లేచి సాక్షిగా నిలబడతాడు. పెద్ద "వీడు నావాడు" అనగానే, "కాదన్న రోజు మొదటి కత్తి నాది" అని హుమక్త్ మీద ప్రమాణం చేస్తాడు. హుమక్త్ భక్తుడి ప్రమాణం కాబట్టి తప్పే ప్రశ్నే లేదు. కొత్తతను అది విని ఎగిరి గంతేశాడు, "ఇంతకన్నా మంచి ఎంట్రీ నాకు దొరకదు" అని. తనని చంపుతానన్నవాడి చుట్టూ తిరుగుతూ వాణ్ణి నవ్వించడమే తన క్యారెక్టర్ జీవితాశయమట.

పీఠం మాత్రం తేలలేదు. అతనికి తిండిపోతు నచ్చింది. మా లంకోర్ మి పండితుడు అభ్యంతరం చెప్పాడు: "నా గ్రంథం మింగేస్తే?"


డీ20_దుర్గారావు
ఆదివారం రాత్రి 11:01

గ్రంథానికి నకలు రాయించి పెట్టుకోమనండి. రెండు నకళ్ళు. ఒకటి అతనికి తెలియకుండా.


అల్లరి_అనసూయ
ఆదివారం రాత్రి 11:04

తెలియకుండా దాచిందే మొదట మింగుతాం దుర్గారావు గారూ.


నిద్రలేని_జీఎం
ఆదివారం రాత్రి 11:09

మా పండితుడికి ఈ రెండు పోస్టులూ చూపించా. వచ్చే సెషన్‌కి గ్రంథాన్ని ఆవుపేడ పూసిన సంచిలో పెట్టుకొస్తాడట. తిండిపోతు పీఠం ఖాయం చేస్తున్నాను.